బైపీసీలో చేరిన మనవరాలికి

చిట్టితల్లీ,

నువ్వు బైపీసీ తీసుకున్నావని, హాస్టల్ ఫీజు కూడా కట్టేశామని రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మన ఇంట్లో డాక్టరు చదువు మాట ఎత్తింది నువ్వే మొదట. నానమ్మ వీధంతా చెప్పొచ్చింది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు.

లెక్కలంటే భయపడి ఈ గ్రూపు తీసుకోలేదు కదా? అలాగైతే ఇప్పుడే చెప్పు. రేపు కంప్యూటర్ ఇంజనీరింగ్ మీదికి మనసు పోతే అప్పుడు ఏడ్చి లాభం లేదు. పైగా ఫిజిక్స్‌లో లెక్కలు ఎటూ తప్పవు. ఎంబీబీఎస్‌కి నీట్ ర్యాంకుతోనే సరిపోదు. ఇంటర్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 50 శాతం రావాలి, ఇంగ్లిష్ పాసవ్వాలి, చేరే ఏడాది డిసెంబరు 31కి 17 ఏళ్లు నిండాలి. నీట్ రాకపోతే కొంపేం మునగదు, ఎప్‌సెట్ రాసి అగ్రికల్చర్‌కో బీఫార్మసీకో వెళ్లొచ్చు. ఇవన్నీ మీ కాలేజీవాళ్లు చెబుతారు. వాళ్లు చెప్పనిది ల్యాబు సంగతి.

1974లో నేను ఇంటర్ రెండో ఏడాది. ల్యాబు గంటకి బయట చింతచెట్టు కింద ఉండేవాణ్ణి. సీనియర్ దగ్గర ల్యాబు రికార్డు (చేసిన ప్రయోగాలు రాసే పుస్తకం) తెచ్చి, బొమ్మలతో సహా అందంగా దించేశాను. ప్రాక్టికల్ పరీక్షలో ఆక్సాలిక్ ఆమ్లం, పొటాషియం పర్మాంగనేట్ ప్రయోగం వచ్చింది. ఆమ్లంలోకి పర్మాంగనేట్‌ని చుక్కచుక్కగా వదిలి, గులాబీ రంగు పోకుండా నిలిచేదాకా ఎంత పట్టిందో చూడాలి. పిపెట్‌తో 20 మిల్లీలీటర్లు తీసి, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, పర్మాంగనేట్ పోసిన బ్యూరెట్ (కొలత గీతలున్న గాజు గొట్టం) మర తిప్పాను. మొదటి చుక్కకే ఫ్లాస్కంతా గులాబీ రంగు! ఎంత ఊపినా పోదు. అయిపోయిందనుకుని రీడింగు సున్నా దగ్గర రాసేశాను. చేతులు వణుకుతున్నాయి. వెనక నుంచి అటెండరు మెల్లగా, "వేడి చెయ్యి బాబూ, చల్లగా ఉంటే రంగు విరగదు" అన్నాడు. ఫ్లాస్కు చెయ్యి కాలేంత వేడెక్కించాక, పడ్డ చుక్క పడ్డట్టే రంగు విరిగిపోయింది. ఆ సంబరంలో ఇంకో తప్పు. ముదురు రంగు ద్రావణానికి బ్యూరెట్‌లో ద్రవం పై అంచు చూసి రీడింగు తియ్యాలి, నేను కింది వంపు కోసం కళ్లు చికిలించి వెతికాను. ఎగ్జామినర్ నా రికార్డు తిరగేసి, "ఇది రాసింది నువ్వేనా?" అని ఒక్కటే అడిగారు. అవునన్నాను. పాస్ చేశారు. ఆ "అవును" యాభై ఏళ్లుగా నా గొంతులోనే ఉంది. తర్వాత ముప్ఫై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను కదా, దించిన రికార్డు తెస్తే పిల్లల్ని తిట్టబోయి ఆగిపోయేవాణ్ణి.

నీకూ ప్రాక్టికల్స్ ఉంటాయి, వాటికీ మార్కులుంటాయి. హాస్టళ్లలో ల్యాబు గంట కూడా నీట్ బిట్లకి వాడేస్తున్నారట. పోట్లాడు. నీకు నోరు లేదా? మా ఇంట్లో అందరి మీదా లేస్తావుగా!

సర్లే, కోప్పడుతున్నాననుకోకు. రాత్రి పదకొండు దాటితే పడుకో. పప్పు బాగాలేకపోయినా తిను.

దసరాకి వచ్చేటప్పుడు రికార్డు తీసుకురా. మార్కులు చూడను. పర్మాంగనేట్ వేళ్లకంటితే గోధుమరంగు మరక పడి ఒక పట్టాన వదలదు. ముందు నీ చేతులు చూస్తాను.

తాతయ్య