అత్తగారు అల్లిన స్వెటర్, ఐదు వారాల పసిబిడ్డ

ప్రశ్న: నాకు తొలి కాన్పు అయి ఐదు వారాలైంది. ఇది చలికాలం, కానీ గర్భానికి ముందు కొనుక్కున్న స్వెటర్లలో ఒక్కటీ ఇప్పుడు పట్టడం లేదు. మా అత్తగారు ఎంతో ప్రేమతో నాకోసం దళసరి ఊలుతో రెండు స్వెటర్లు అల్లి ఇచ్చారు. రెండూ తలమీదుగా తొడుక్కునేవే. మెడ దగ్గర గుచ్చుకుంటాయి, పాలిచ్చిన ప్రతిసారీ మొత్తం పైకెత్తుకోవాలి, పాప చెంప ఆనిన చోట ఎర్రబడుతోంది. రాత్రిళ్ళు చెమటతో తడిసిపోతున్నాను. తీసేస్తే ఆవిడ మనసు కష్టపెట్టుకుంటున్నారు. మావారేమో "బట్టల కోసం ఇంత బాధెందుకు?" అంటున్నారు. నాకు మాత్రం బీరువా తెరిచినప్పుడల్లా ఏడుపొస్తోంది. నేను ఎలాంటివి కొనుక్కోవాలి? ఆవిడకు ఎలా చెప్పాలి?

జవాబు: మీ వారు దీన్ని చిన్న విషయమని ఎందుకు అనుకుంటున్నారో ఊహించగలను గానీ, ఆయనతో ఏకీభవించలేను. ఈ వయసు బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్ల దాకా పాలు తాగుతుంది. అన్నిసార్లూ, అందులో కొన్నిసార్లు అర్ధరాత్రి వేళ, ఏడుస్తున్న బిడ్డను ఒక చేత్తో పట్టుకుని బిగుతైన దుస్తును మరో చేత్తో పైకి లాక్కోవలసి రావడం, ఆపైన పొట్టకూ నడుముకూ చలిగాలి తగలడం ఎవరికైనా విసుగు పుట్టించే పనే. కాబట్టి మీకు కలుగుతున్నది దుబారా కోరిక కాదు. ముందు దుస్తుల సంగతి తేల్చుకుందాం. మీకు ఏది కావాలో మీకే స్పష్టమైతే అత్తగారితో మాట్లాడటం సగం సులువవుతుంది.

అన్నిటికన్నా మొదట చూడవలసింది స్వెటర్ ఎక్కడ తెరుచుకుంటుందన్నది. మీకు కావలసింది ముందువైపు పైనుంచి కిందిదాకా గుండీలున్న కార్డిగన్, లేదా ఒక అంచు మీద మరొక అంచు చుట్టి నడుము దగ్గర కట్టుకునే రకం. లోపల పాలిచ్చేందుకు వీలుగా తెరుచుకునే పలుచని నూలు బనియన్ వేసుకుని దానిమీద కార్డిగన్ వేసుకుంటే, బిడ్డకు కావలసినంత మేర మాత్రమే తెరుచుకుంటుంది, నడుమూ వీపూ కప్పే ఉంటాయి. గుండీలు ఒంటిచేత్తో తీసి పెట్టుకోగలిగేంత పెద్దవిగా, అంచులు నునుపుగా, దారం గట్టిగా కుట్టి ఉండాలి. కొనేముందు ఒక్కొక్క గుండీనీ పట్టి లాగి చూడండి. వదులుగా ఉన్న గుండీ ఈరోజు పాప చెంపకు ఒత్తుకుంటుంది, మరికొన్ని నెలలకు నోట్లోకి వెళుతుంది. లోహపు జిప్పులూ, పిన్నులూ, వేలాడే కుచ్చులూ ఉన్నవాటిని ఈ ఏడాదికి పక్కన పెట్టడమే మంచిది.

ఇక గుచ్చుకోవడం గురించి. ఊలు అంతా ఒకటే కాదు. పీచు మందం సుమారు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) దాటితే దాని కొనలు వంగకుండా చర్మాన్ని పొడుస్తాయి, దురదగా అనిపించడానికి అసలు కారణం అదే. చాలామంది దాన్ని ఊలు పడకపోవడమని అనుకుంటారు గానీ, ఎక్కువ సందర్భాల్లో అది పీచు ముతకదనమే. మెరినో అనే జాతి గొర్రెల నాణ్యమైన ఊలు పీచు 20 మైక్రాన్ల లోపు కూడా ఉంటుంది, అందుకే అది ఒంటికి నేరుగా తగిలినా మెత్తగా ఉంటుంది. పైగా ఊలు తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకుని కూడా తడిగా అనిపించదు. నూలు అల్లిక చర్మానికి హాయిగా ఉంటుంది, ఉతకడమూ తేలికే, కానీ తడిస్తే బరువెక్కి, చల్లబడి, ఆరడానికి చాలా సమయం తీసుకుంటుంది. యాక్రిలిక్ అనే కృత్రిమ దారం చవక, వేడినీ పట్టి ఉంచుతుంది, అయితే చెమటను పీల్చుకోదు, కొద్ది రోజులకే ఉండలు కడుతుంది, నిప్పు సోకితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఆంగోరా (కుందేలు బొచ్చు), మొహేర్ (మేక బొచ్చు) చూడముచ్చటగా ఉంటాయన్నది నిజమే, కానీ వాటి నూగు రాలి పాప ముక్కుకూ నోటికీ చేరుతుంది, కాబట్టి ఇప్పుడు వద్దు. మీరు కొనవలసింది సన్నని మెరినో గానీ, మంచి నూలు గానీ, రెండూ కలిపి వడికిన దారంతో అల్లినది గానీ అయితే చాలు. దుకాణంలో చేత్తో తాకి తేల్చుకోవద్దు, అరచేయి మొద్దు. మెడ పక్కనో, మోచేతి లోపలివైపో రుద్ది చూడండి, పాప బుగ్గకు ఎలా ఉంటుందో దాదాపుగా అక్కడే తెలిసిపోతుంది.

అల్లిక కూడా చూడాలి. కన్నాలు కన్నాలుగా ఉండే లేసు అల్లికలో పసివేళ్ళు ఇరుక్కుంటాయి. ఊడిన దారపు పోగు వేలికో కాలివేలికో చుట్టుకుంటే రక్తప్రసరణ ఆగే ప్రమాదం ఉంది. అందుకే వారానికొకసారి స్వెటర్‌ను తిరగేసి వదులైన పోగులు కత్తిరించండి, కారణం తెలియకుండా పాప గుక్కపెట్టి ఏడుస్తుంటే ముందుగా ఆ చిన్ని వేళ్ళను పరీక్షించండి.

కొలత విషయంలో ఒక్కమాట. కాన్పుకు ముందటి కొలతకు తిరిగి వెళ్ళాలనే తొందరలో చిన్నసైజు కొనవద్దు. గర్భాశయం మామూలు పరిమాణానికి రావడానికే సుమారు ఆరు వారాలు పడుతుంది, మిగిలిన శరీరానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. ఛాతీ కొలతయితే పాలు నిండినప్పుడు ఒకలా, బిడ్డ తాగాక మరోలా ఉంటుంది. అక్కడ బిగుతుగా పట్టే దుస్తు పాలనాళాల మీద ఒత్తిడి తెచ్చి, పాలు గడ్డకట్టడానికీ వాపుకూ దారితీయవచ్చు. నిలువు గీతల్లా సాగే రిబ్ అల్లిక ఇందుకు అనువైనది, ఒంటితో పాటు సాగి మళ్ళీ దగ్గరకు వస్తుంది. మీది ఆపరేషన్ కాన్పయితే కింది అంచు కుట్లమీద ఒత్తకుండా తుంటిదాకా వచ్చే పొడవు ఎంచుకోండి.

రాత్రి చెమట గురించి కంగారు పడకండి. కాన్పు తర్వాత హార్మోన్లు ఒక్కసారిగా తగ్గడంవల్లా, గర్భకాలంలో ఒంట్లో చేరిన నీరు బయటికి పోవడంవల్లా మొదటి కొన్ని వారాలు ఇలా జరగడం సహజమే. జ్వరమో వణుకో కూడా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యులను కలవండి. చెమట పట్టే ఒంటికి ఒక్క దళసరి స్వెటర్ కన్నా రెండు పలుచని పొరలే మేలు, తడిసినదాన్ని తీసేసినా రెండోది ఉంటుంది. ఈ మాట పాపకూ వర్తిస్తుంది, ఇంకా గట్టిగా వర్తిస్తుంది. మీ దళసరి స్వెటర్ వేడీ, మీ ఒంటి వేడీ, పాప సొంత బట్టలూ కలిస్తే గుండెలకు హత్తుకున్న బిడ్డకు వేడి మితిమీరుతుంది. చేతులు చల్లగా ఉన్నాయని మరో పొర వేయకండి, మెడ వెనకో ఛాతీమీదో చేయిపెట్టి చూడండి, చెమటగా ఉంటే ఒక పొర తీసేయండి. నిద్రపుచ్చేటప్పుడు ఊలు టోపీ, వదులుగా ఉండే అల్లిక దుప్పటి, మీ శాలువా ఇవేవీ పాప పక్కలో ఉండకూడదు. వెచ్చని స్వెటర్‌లో సోఫామీద పాలిస్తూ మీరే నిద్రలోకి జారుకోవడం కూడా పాపకు ప్రమాదమే, నిద్ర ముంచుకొస్తుంటే బిడ్డను మీవారికి అందించండి.

ఉతుకు గురించి ఆలోచించకుండా కొన్న స్వెటర్ నెల తిరక్కుండానే మూలకు చేరుతుంది. పాప కక్కిన పాల మరకను ముందు చల్లటి నీళ్ళతో కడగాలి, వేడినీళ్ళు పోస్తే అందులోని మాంసకృత్తులు గట్టిపడి మరక నిలిచిపోతుంది. మరకలు పోగొట్టే ఎంజైములున్న సబ్బుపొడి నూలుకు పనికొస్తుంది గానీ ఊలుకు వద్దు, ఊలు కూడా మాంసకృత్తే కాబట్టి ఆ ఎంజైము దాన్నీ తినేస్తుంది. మెషీన్లో ఉతకవచ్చని పట్టీమీద రాసి ఉన్న ఊలునే ఎంచుకోండి, పిండకుండా పరిచి ఆరబెట్టండి. ఒకటి ఒంటిమీద, ఒకటి ఉతుకులో, ఒకటి ఆరుతూ ఉండేలా మూడు కార్డిగన్లు సరిపోతాయి. మీకోసం మీరు ఖర్చుపెట్టుకోవడానికి సంకోచిస్తున్నట్టయితే, ఇవి పాప పొత్తిళ్ళంత అవసరమైన వస్తువులేనని లెక్కవేసుకోండి.

ఏడుపు గురించి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు, నేను దాటలేను. కాన్పయిన మొదటి రెండు వారాల్లో అకారణంగా కన్నీళ్ళు రావడం చాలామందికి ఉంటుంది, తనంతట తానే తగ్గుతుంది. మీకు ఐదు వారాలు దాటాయి. బీరువా ముందు మాత్రమే కాక మిగతా వేళల్లో కూడా దిగులుగా ఉంటే, పాప పడుకున్నా మీకు నిద్ర పట్టకపోతే, దేనిమీదా ఆసక్తి లేకపోతే, ఈ వారమే మీ వైద్యురాలికి చెప్పండి. ప్రసవానంతర కుంగుబాటుకు మంచి చికిత్స ఉంది. మిమ్మల్ని మీరు గాయపరచుకోవాలనో పాపకు హాని చేయాలనో ఆలోచన వస్తే ఆ రోజే, ఆ గంటే సహాయం కోరండి. ఈ పేరాను మీవారి చేత కూడా చదివించండి, బట్టల మాట వెనక ఏమున్నదో ఆయనకు అర్థమవుతుంది.

అత్తగారి దగ్గర "బాగాలేదు" అనే మాటతో మొదలుపెట్టవద్దు, అలాగని మొహమాటపడి మరో చలికాలం దాకా భరించనూ వద్దు. ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు, మీవారు కూడా పక్కనుండగా, "అత్తయ్యా, మీరు అల్లినవి వెచ్చగా ఉన్నాయి, కానీ పాలిచ్చేటప్పుడు వాటిని పైకెత్తుకోలేకపోతున్నాను, పాప చెంప ఎర్రబడుతోంది, చూడండి" అని ఆ చెంపను చూపించండి. మనవరాలి చెంపకన్నా బలమైన వాదన మీకు దొరకదు. వెంటనే ఆవిడ చేతికి పని ఇవ్వండి. సన్నని మెరినో దారం మీరే కొనిచ్చి, ముందు తెరుచుకునే కార్డిగన్ అల్లమని, మీ ఛాతీ కొలత ఇప్పుడున్నదానికి నాలుగు వేళ్ళు వదులుగా పెట్టమని అడగండి. పోగులు వదులుగా ఉండకూడదనీ, గుండీలు గట్టిగా కుట్టాలనీ ఆవిడకు వేరే చెప్పనక్కర్లేదు, పాప నోట్లోకి వెళతాయంటే చాలు. అది పూర్తయ్యేదాకా రెండు కార్డిగన్లు కొనుక్కోండి. దళసరి స్వెటర్లను, పాపను ఇంట్లో ఆవిడ దగ్గర ఉంచి మీరు ఒంటరిగా బయటికి వెళ్ళే రోజుల్లో, లోపల కాలరున్న నూలు చొక్కా వేసుకుని పైన తొడుక్కోవచ్చు.