‘తాంతుం ఎర్గో’ తర్వాత ఏమిటి?

పాఠకుల ప్రశ్న – మాస్టారి జవాబు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మేము ఆరుగురం 1960ల మొదట్లో కృష్ణా జిల్లాలో ఒక కాన్వెంటు హాస్టల్లో ఉండి చదువుకున్నాం. మాలో నలుగురం హిందువులం. ఆదివారం సాయంత్రం సిస్టర్లు అందరినీ గుళ్లోకి తీసుకెళ్లేవారు. సాంబ్రాణి పొగలో నిలబడి లాటిన్ పాట ఒకటి పాడేవాళ్లం. మొన్న సంక్రాంతికి అందరం కలిసి దాన్ని పాడబోతే ‘తాంతుం ఎర్గో సాక్రమెంతుం’ దగ్గరే ఆగిపోయాం. తర్వాత వచ్చేది ‘చెర్నుయి’ అని ఒకావిడ, ఏడో తరగతి దాకా విశాఖపట్నంలో చదివొచ్చిన ఇంకొకావిడేమో ‘సెర్నుయి’ అని పట్టుబట్టింది. ‘ఓమ్నే దెలెక్తామెంతుం’ అనే పాదం ఉందని నేనంటాను, లేదని మిగతావాళ్లంటారు. ‘జెనితోరి జెనితోక్వే’ మాత్రం అందరికీ గుర్తే, కానీ అది మొదటిదో చివరిదో తేలలేదు. మా తర్వాత పదేళ్లకు చదివిన పిల్లల్ని అడిగితే అలాంటి పాటే ఎరగమంటున్నారు. పూర్తి పాట, దాని అర్థం చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం సగం చదివేసరికే నేను పాట ఎత్తుకున్నాను. మా నాన్నగారు ఉపదేశి, అంటే ఊళ్లో క్రైస్తవ మతబోధ చెప్పేవారు. తొమ్మిదేళ్లప్పటి నుంచి పూజలో ఫాదర్ గారి పక్కన నిలబడి ధూపం అందించే పని నాది. కొబ్బరి చిప్పల బొగ్గులు వంటింటి పొయ్యిలో ఎర్రగా కాల్చి, పట్టకారుతో ధూపకలశంలో వేసుకుని, గొలుసు పట్టుకుని మెల్లగా ఊపుతూ నిలబడేవాణ్ణి. ఊపు ఆపితే బొగ్గులు నివురుగప్పుతాయి. ఏ మాట దగ్గర ఫాదర్ గారు సాంబ్రాణి కోసం చెయ్యి చాపుతారో కనిపెట్టుకుని ఉండాలి. అందుకే ఆ పాట నాకు పోలేదు.

ముందు మీ తగువుల సంగతి చూద్దాం. పాటలో పన్నెండు పాదాలు, ఆరేసి పాదాల చరణాలు రెండు. ఒక పాదంలో ఎనిమిది అక్షరాలుంటే తర్వాతి దానిలో ఏడు. వేళ్ల మీద లెక్కపెట్టండి: తాం-తుం-ఎర్-గో-సా-క్ర-మెన్-తుం, ఎనిమిది. వె-నె-రే-ముర్-చెర్-ను-యి, ఏడు. పాట చివరిదాకా ఈ లెక్క తప్పదు. దీనికి తోడు అంత్యప్రాస. మొదటి చరణంలో 1, 3, 5 పాదాలు ‘మెంతుం’ అని, 2, 4, 6 పాదాలు ‘ఉయి’ అని ముగుస్తాయి.

ఇప్పుడు మీ ‘ఓమ్నే దెలెక్తామెంతుం’ చూడండి. ‘మెంతుం’తో ముగుస్తోంది కాబట్టి ఈ పాటలోదే అని మీ చెవి మీకు చెప్పింది. లెక్కపెడితే ఏడే అక్షరాలు. ఎనిమిది ఉండాల్సిన చోట అది ఇమడదు. అయినా మీరు లేనిది ఊహించుకోలేదు. పాట అయిపోగానే ఫాదర్ గారు ఒక్కరే ‘పానెం దె చేలో ప్రేస్తితిస్తి ఎయిస్’ అనేవారు. అంటే ‘పరలోకం నుంచి వారికి రొట్టెనిచ్చావు’. దానికి మనమంతా ‘ఓమ్నే దెలెక్తామెంతుం ఇన్ సే హబెంతెం’ అని బదులు చెప్పేవాళ్లం. ‘సమస్తమైన మాధుర్యమూ తనలో నింపుకున్న రొట్టెను’ అని అర్థం. కాబట్టి ఆ మాట ఉందన్న మీరూ, పాటలో లేదన్న మీ స్నేహితురాళ్లూ, ఎవరూ తప్పు చెప్పలేదు.

పూర్తి పాట ఇది. కత్తిరించి దాచుకోండి.

తాంతుం ఎర్గో సాక్రమెంతుం
వెనెరేముర్ చెర్నుయి
ఎత్ అంతీక్వుం దోకుమెంతుం
నోవో చేదత్ రీతుయి
ప్రేస్తెత్ ఫీదెస్ సుప్లెమెంతుం
సెన్సుఉం దెఫెక్తుయి

జెనితోరి జెనితోక్వే
లౌస్ ఎత్ యూబిలాత్సియో
సాలుస్ హోనోర్ విర్తుస్ క్వోక్వే
సిత్ ఎత్ బెనెదిక్త్సియో
ప్రోచెదెంతి అబ్ ఉత్రోక్వే
కొంపార్ సిత్ లౌదాత్సియో
ఆమెన్

‘జెనితోరి’ రెండో చరణం మొదలు. నాకు అందులో సందేహమే ఉండదు, ఎందుకంటే మొదటి చరణం అవగానే ధూపకలశం ఫాదర్ గారి చేతికి ఇవ్వాలి. ‘జెనితోరి’ పాడుతుండగా ఆయన మోకాళ్ల మీదే ఉండి సత్ప్రసాదానికి, అంటే క్రీస్తు శరీరంగా ఆరాధించే అప్పానికి, ధూపం వేసేవారు. మీరు కూడా ఒకటి గుర్తు చేసుకోండి. పాట మొదలైన కాసేపటికే అందరూ తలలు వంచేవారు, ఔనా? అది ‘వెనెరేముర్ చెర్నుయి’ దగ్గర. ఆ మాటలకు అర్థమే ‘తలలు వంచి ఆరాధిద్దాం’ అని. భాష తెలియని పిల్లలం, ఆ మాట చెప్పిన పనే చేస్తూ పాడాం.

మొదటి చరణం అర్థం ఇది: ఇంతటి గొప్ప సంస్కారాన్ని తలలు వంచి ఆరాధిద్దాం. పాత ధర్మం ఈ కొత్త ఆచారానికి చోటివ్వాలి. మన ఇంద్రియాలకు అందని చోట విశ్వాసం ఆ లోటు పూడ్చాలి. ఎదుట కనిపించేది పలుచటి తెల్లని అప్పం. అందులో క్రీస్తు ఉన్నాడని కంటికి, నాలుకకు తెలియదు, నమ్మకానికే తెలుస్తుంది. ఆ ‘దెఫెక్తుయి’ మాటలో ఉన్నది ఇదే. రెండో చరణం త్రిత్వానికి స్తుతి: జన్మనిచ్చిన తండ్రికి, జనించిన కుమారునికి స్తోత్రం, జయధ్వానం, క్షేమం, గౌరవం, బలం, ఆశీర్వాదం. ఆ ఇద్దరి నుంచి వెలువడే పరిశుద్ధాత్మకు సమానమైన స్తుతి.

మీరు నలుగురూ హిందువులమని రాశారు. ‘జెనితోరి’ని మెల్లగా పలికి చూడండి. సంస్కృతంలో తండ్రిని ‘జనిత’ అంటారు, రెండూ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలు. ‘నోవో’ కూడా మన ‘నవ’కు చుట్టమే. ఇక ‘దోకుమెంతుం’ మన రిజిస్ట్రారాఫీసులో వినపడే డాక్యుమెంటే. లాటిన్లో మొదట బోధన, పాఠం అని దాని అర్థం.

ఇది పూర్తి పాట కూడా కాదు. ‘పాంజె లింగ్వా’ అనే కీర్తనలో చివరి రెండు చరణాలు. 1264లో పోపు నాలుగో ఉర్బన్ సత్ప్రసాద పండుగను స్థాపించినప్పుడు థామస్ అక్వినాస్ అనే వేదాంత పండితుడు రాశారని పరంపరగా చెబుతారు. ఆ మొదటి మాటలు, ఆ నడక అంతకు ఏడు వందల ఏళ్ల ముందు ఫోర్తునాతుస్ అనే కవి సిలువ మీద రాసిన కీర్తనలోవి.

‘చెర్నుయి’, ‘సెర్నుయి’ తగువు నాకు అన్నిటికన్నా నచ్చింది. లాటిన్ను ఏ దేశం వాళ్లు ఆ దేశపు నోటితో పలికేవారు. ఆ మాట మొదట్లో ఉన్న ‘c’ అక్షరాన్ని ఇటలీ వాళ్లు ‘చ’ అంటారు, ఫ్రాన్సు వాళ్లు పాత పద్ధతిలో ‘స’ అనేవారు. రోమ్ ఉచ్చారణే అందరూ నేర్చుకుంటే మంచిదని పదో పయస్ పోపు 1912లో ఒక ఫ్రెంచి ఆర్చిబిషప్పుకు ఉత్తరం కూడా రాశారు. అయినా నోటి అలవాటు ఒక్క ఉత్తరంతో పోతుందా? కృష్ణా ప్రాంతానికి మిలాన్ నుంచి ఇటలీ ఫాదర్లు వచ్చారు. విశాఖపట్నానికి 1840ల్లోనే ఫ్రెంచి మాట్లాడే అనెసీ పట్టణం నుంచి వచ్చారు. మీ విశాఖ స్నేహితురాలి ‘సెర్నుయి’ ఆ దారిన వచ్చిందేనని నా నమ్మకం. ఆవిణ్ణి దిద్దకండి.

మీ తర్వాతి వాళ్లు ఎరగకపోవడానికి కారణం రెండో వాటికన్ మహాసభ, అంటే అన్ని దేశాల కథోలిక బిషప్పులు రోములో కూడిన సభ. 1963 డిసెంబరు 4న వెలువడిన ఆరాధన పత్రం మాతృభాషలకు తలుపు తెరిచింది. లాటిన్ను వద్దనలేదు, నిలుపుకోమనే చెప్పింది. కానీ కొద్ది ఏళ్లలోనే గుళ్లన్నీ తెలుగులోకి వచ్చాయి. మా అమ్మ మొదటిసారి పూజ మొత్తం తెలుగులో విని ఏడ్చింది, అంతా అర్థమైందని. ఆ మార్పు రావాల్సిందే. కానీ ఆ సాయంత్రాల పాటను పిల్లలకు తెలుగు లిపిలోనైనా రాసిచ్చి ఉండాల్సింది. నా దగ్గరున్న చేతిరాత నోటుబుక్కు 1957 నాటిది. అందులో పాట ఉన్న పేజీ మీద కరిగిన మైనపు చుక్క ఇప్పటికీ గట్టిగా అంటుకుని ఉంది.

ఒక్కటి మాత్రం కాగితం మీద ఇవ్వలేకపోతున్నాను, వరస. ఈ పాటకు వరసలు ఒకటి కన్నా ఎక్కువే ఉన్నాయి. మేం పాడింది పాత గ్రెగోరియన్ వరస, తాళం లేకుండా, మాటను బట్టి సాగేది. మీ కాన్వెంటులో హార్మోనియం మీద ఏది వాయించారో మీ ఆరుగురి గొంతుల్లోనే ఉంది. ఈసారి కలిసినప్పుడు ఈ కాగితం ముందు పెట్టుకుని పాడి, ఫోన్లో రికార్డు చేసి పత్రికకు పంపండి. మా ఊరి వరసా మీదీ ఒకటేనేమో వినాలని ఉంది.