చిన్నీకి, ఇయర్‌ఫోన్లు కొనే ముందు

చిన్నీ,

మీ నాన్న ఫోన్ చేసి అంతా చెప్పాడు. పొద్దున గంట, సాయంత్రం గంట బస్సులోనే గడుస్తుందట, ఆ రెండు గంటలూ పరీక్షకు పాఠాలు వింటావట, అందుకే ఇయర్‌ఫోన్లు కొంటున్నావట. నిలబడే చోటు దొరకడమే కష్టమైన బస్సులో కూడా చదవాలన్న నీ పట్టుదలకు పొంగిపోయాను. కానీ ఇన్నేళ్లు చెవి పరీక్షలు చేసినదాన్ని కదా, బస్సు, ఇయర్‌ఫోన్లు అని ఒకేసారి వింటే టెన్షన్ పట్టుకుంటుంది. అందుకే ఈ ఉత్తరం.

వైరుదా, బ్లూటూతా, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది, ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. చెవి అంచున వదులుగా కూర్చునేవి మాత్రం వద్దు. రంధ్రంలోకి వెళ్లి గట్టిగా మూసేవే తీసుకో.

ఎందుకంటున్నానో చెప్పాలంటే మీ బాబాయి సంగతి చెప్పాలి. నీ వయసులో వాడూ రోజూ రైల్లో పాటలు వింటూ వెళ్లేవాడు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పెట్టుకుని చూశాడు, పాట తేటగా వినిపించింది, కొనేశాడు. అవి ఆ వదులు రకమే. రైలు రొదంతా పక్కసందుల్లోంచి లోపలికొచ్చేది. దాన్ని మించి పాట వినపడాలని వాల్యూమ్ పెంచాడు. కొన్నాళ్లకు అది అలవాటైపోయి ఇంకొంచెం పెంచాడు. రాత్రి పడుకుంటే చెవిలో కీమని సన్నటి మోత, తెల్లారేసరికి పోయేది. పోతోంది కదా అని ఎవరికీ చెప్పలేదు. అక్క చేసే పనే అదని తెలిసి కూడా నాకూ చెప్పలేదు! కొన్నేళ్లకు ఆ మోత పోవడం మానేసింది. అప్పుడొచ్చాడు. పరీక్ష నేనే చేశాను. శబ్దం ఎంత సన్నగా ఉంటే హెర్ట్జ్ అంకె అంత పెద్దది. వినికిడిని చూపే గ్రాఫ్‌లో గీత 2,000 హెర్ట్జ్ దాకా బాగానే నడిచింది. 4,000 దగ్గర గుంతలో పడ్డట్టు దిగిపోయి, 8,000 దగ్గర మళ్లీ కాస్త లేచింది. పెద్ద శబ్దాలకు దెబ్బతిన్న చెవిని ఆ గుంతే పట్టిస్తుంది. శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒక్కో చెవిలో సుమారు 15 వేలుంటాయి. చచ్చినవి మళ్లీ పుట్టవు. నలుగురున్న చోట నువ్వేదైనా అంటే బాబాయి “ఏంటమ్మా?” అని రెండోసారి అడుగుతాడు చూడు, అది పరధ్యానం కాదు. స, ష లాంటి సన్నటి ధ్వనులు వాడికి అందవు. ఇప్పటికీ వాణ్ణి తిడతాను. తిట్టాక నాకే ఏడుపొస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినొచ్చు. 90 అయితే 4 గంటలే. నీ ప్రయాణమే వారానికి పది గంటలు. అందుకే నువ్వు కొనాల్సింది బయటి రొదను ఆపేదాన్ని. గట్టిగా మోగేదాన్ని కాదు.

పెట్టెలో సాధారణంగా మూడు సైజుల టిప్స్, అంటే చెవి రంధ్రంలోకి వెళ్లే మెత్తటి తొడుగులు, వస్తాయి. మధ్య సైజు తగిలించి ఊరుకోకు. చాలామందికి రెండు చెవులూ ఒక్క కొలతలో ఉండవు, కుడికొకటి ఎడమకొకటి పెట్టాల్సి రావచ్చు. సరిగ్గా మూసుకుంటే నీ గొంతు నీకే బొంగురుగా, లోపల్నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. పాటలో డోలు దెబ్బ పలచబడితే ఎక్కడో సందు ఉన్నట్టే. ఫోమ్ టిప్స్ అయితే వేళ్లతో సన్నగా నలిపి, రెండో చేత్తో చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి లోపల పెట్టు. అది ఉబ్బేదాకా వేలితో పట్టుకో. అవి కొన్ని నెలలకే మెత్తదనం పోతాయి, మార్చుకోవాలి.

నాయిస్ క్యాన్సిలేషన్ ఉంటే మంచిదే. ఇంజన్ చేసే ఒకేలాంటి గుయ్ అన్న మోతను బాగా తగ్గిస్తుంది. హారన్లు, పక్కవాళ్ల మాటలు మాత్రం చాలావరకు టిప్ బిగువే ఆపాలి. టిప్ వదులుగా ఉంటే ఆ మోత కూడా సరిగ్గా తగ్గదు. వాపసు గడువు ఉండగానే బస్సులో పెట్టుకుని చూడు. ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, పాఠం హాయిగా వినిపించే దగ్గర వాల్యూమ్ పెట్టుకో. బస్సులో దాన్ని బాగా పెంచాల్సి వస్తే టిప్ సరిపోలేదని అర్థం.

ఇంకొకటి. దిగే స్టాప్ రాకముందే రెండూ తీసి బ్యాగులో పెట్టు. చెవులు మూసుకుని రోడ్డు దాటితే మాత్రం నేను ఊరుకోను. నువ్వు ఇంటికి చేరావని మీ అమ్మ మెసేజ్ పెట్టేదాకా నా ప్రాణం కుదుటపడదు, అది నీకూ తెలుసు.

రాత్రి చెవిలో ఏ కాస్త మోత వినిపించినా, తెల్లారేసరికి పోయినా సరే, నాకు ఫోన్ చెయ్యి. ఏ వేళైనా పర్లేదు. కొన్నాక వాల్యూమ్ గీత ఎంత దాకా పెడుతున్నావో రాయి. పరీక్ష ఎప్పుడో కూడా రాయి.

మీ అత్త