మంచివాళ్లు అనిపించుకునేవాళ్లు కూడా ఆన్‌లైన్‌లో అంత ఘోరంగా ఎందుకు తిడతారు?

మనస్సాక్షి లేక కాదు, ఆ కాసేపు దాన్ని పక్కనపెట్టే సాకులు దొరకడం వల్ల. మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా దీన్ని మోరల్ డిసెంగేజ్‌మెంట్ అన్నారు. ఆయన చెప్పిన సాకులు 8 రకాలు: "సరదాకే అన్నా", "అందరూ అంటున్నారుగా", "తనే కొనితెచ్చుకుంది" లాంటివి. ఫోన్‌లో ఇవి మరీ తేలిక, అవతలివాళ్ల కళ్లలో నీళ్లు కనపడవు కాబట్టి.

ఒకమ్మాయి డాన్స్ రీల్ పెడితే వంద మంది ఆమె ఒంటిరంగును వెక్కిరిస్తారు. ప్రతి ఒక్కరూ "నాది ఒక్క కామెంటేగా" అనుకుంటారు. ఆమె మాత్రం వందా చదవాలి. మనిషిని "పంది" అనడం ఇంకా ప్రమాదం. జంతువుగా చూశాక జాలి కూడా పుట్టదు.

ముసుగు పేరే దీనికి కారణమని చాలామంది పొరబడతారు. అది తోడవుతుంది, అంతే. సొంత పేరూ ఫోటోతోనే తిట్టేవాళ్లు ఎందరో ఉన్నారు, తాము చేస్తున్నది న్యాయమేనని నమ్మి.