రివాల్వర్ తూటా కింద పడదు

టి.నగర్, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. వేళచ్చేరిలో రియల్ ఎస్టేట్ వ్యాపారి హత్య, తెల్లవారుజామున నీళ్ల లారీ డ్రైవరు శవాన్ని చూడటం, ఆ డ్రైవరు నెల్లూరు యాస బాగా కుదిరాయి. రెండో అధ్యాయం దగ్గర మాత్రం నా నమ్మకం సడలింది. హంతకుడి రివాల్వర్ నుంచి మూడు ఖాళీ తూటాలు గచ్చు మీద గలగలమని పడ్డాయని రాశావు. రివాల్వర్ ఖాళీ తూటాలను విసరదు బాబూ. కాల్చాక అవి తూటాలు పెట్టుకునే తిరిగే సిలిండర్‌లోనే ఉంటాయి, తెరిచి దులిపితే తప్ప కింద పడవు. ప్రతి దెబ్బకూ ఖాళీ తూటాను బయటికి విసిరేది పిస్టల్.

1983లో నేనూ ఇదే తప్పు రాశాను. కథ అచ్చయిన వారానికి ఆవడి నుంచి ఒక రిటైర్డ్ సుబేదారు బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. శ్రీకాకుళం వైపు మనిషి, సైన్యంలో తుపాకులు బాగుచేసిన చెయ్యి. కోప్పడలేదు. నా పెన్ను క్యాప్ తీసి బల్ల మీద నిలబెట్టి, "ఇది ఇత్తడి గొట్టం అనుకోండి. అడుగున నిప్పు రాజేసే చిన్న బిళ్ల, ప్రైమర్, లోపల తుపాకిమందు, మూతిలో బిగించిన గుండు. మీరు బుల్లెట్ అంటున్నది ఆ గుండు ఒక్కటే" అన్నారు. ఆ మధ్యాహ్నం ఆయన చెప్పింది ఈ నలభై ఏళ్లూ నాకు అన్నం పెట్టింది.

తుపాకిలోని పిన్ను పొడిస్తే ప్రైమర్ రాజుకుంటుంది, మందు భగ్గున కాలుతుంది, ఆ గ్యాస్ గుండును ముందుకు తోస్తుంది. అదే క్షణంలో ఇత్తడి ఉబ్బి చుట్టూ ఉన్న ఉక్కుకు అతుక్కుని, గ్యాస్ వెనక్కి రాకుండా ఆపి, మళ్లీ కాస్త ముడుచుకుంటుంది. అలా సాగి ముడుచుకోగలదు కాబట్టే ఖాళీ తూటాను మళ్లీ నింపి వాడొచ్చు. అమెరికాలో ఎంతోమంది ఇంట్లోనే ఈ పని చేసుకుంటారు. పాత ప్రైమర్ తీసేసి, సాగిన ఇత్తడిని అచ్చులో నొక్కి కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్, తూచిన మందు, కొత్త గుండు పెడతారు. మందు తూకం గ్రెయిన్లలో ఉంటుంది. ఒక గ్రెయిన్ దాదాపు 65 మిల్లీగ్రాములు, అంటే కంసాలి గురివింద గింజ ఎత్తులో సగానికి కాస్త ఎక్కువ. మందు పోయడం మరిచిపోతే గుండు తుపాకి గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. అది గమనించకుండా రెండోది కాలిస్తే గొట్టం పగలొచ్చు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం.

నీ కథకు పనికొచ్చే అసలు సంగతి ఇదీ. మళ్లీ నింపిన తూటా ప్రైమర్ కొత్తది, అందుకని దాని మీద చివరిసారి కాల్చిన తుపాకి పిన్ను గుంటే ఉంటుంది. కానీ ఇత్తడి పాతది. పిస్టల్ దాన్ని లోపలి నుంచి లాగే కొక్కెం అంచు మీద గీత పెడుతుంది. ఇంతకు ముందు ఆ ఇత్తడిని విసిరిన పిస్టల్ గీత కూడా దాని మీద మిగిలి ఉండొచ్చు. మైలాపూర్ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ ముందు కూర్చున్నావిడకు ఒకే తూటా మీద రెండు తుపాకుల జాడ కనిపిస్తే? నీ మూడో అధ్యాయం అక్కడ మొదలవ్వాలి. కేవలం హంతకుడి కళ్లు ఎర్రబడ్డాయని పేజీ నింపకు.

వ్యాపారి దగ్గర లైసెన్సున్న 9 ఎం.ఎం. పిస్టల్ ఉందన్నావు. మామూలు పౌరుడికి ఆ లైసెన్సు ఇవ్వరు, మన దగ్గర అది నిషిద్ధ బోరు, అంటే పౌరులకు కూడదన్న గొట్టం కొలత. .32 రాయి. గది నిండా పొగ కమ్మిందన్న వాక్యం కూడా తీసెయ్. పొగ అంతగా రాని మందు 1880లలోనే వచ్చేసింది.

నీ చివరి భాగం సాగింది. దాని గురించి చెప్పేముందు ఒక పిస్టల్ కథ విను. 1986లో మయామిలో జరిగిన కాల్పుల్లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇద్దరు ఏజెంట్లను పోగొట్టుకుంది. తరవాత వాళ్లు పెద్దదైన 10 ఎం.ఎం. తూటాకు వెళ్లారు. దెబ్బకు చెయ్యి నిలవడం కష్టమై మందు తగ్గించారు. తగ్గించాక తూటా ఇత్తడి గొట్టంలో ఖాళీ మిగిలింది. ఆ ఖాళీ ఎందుకని తుపాకుల కంపెనీ స్మిత్ అండ్ వెస్సన్, తూటాల కంపెనీ వించెస్టర్ కలిసి ఇత్తడినే పొట్టి చేసి 1990లో .40 తూటా తెచ్చాయి. తూటా పొట్టిదయ్యేసరికి, 9 ఎం.ఎం. సైజు పిస్టల్‌లోనే అది పట్టింది. నీ చివరి ఏడు పేజీల్లో మందు రెండు పేజీలకే ఉంది. మిగతా ఇత్తడి కోసెయ్.

ఆదివారం కోట స్టేషన్‌లో దిగు, సెయింట్ జార్జి కోట మ్యూజియంలో పాత తుపాకులు చూద్దాం. వచ్చేలోపు రెండో అధ్యాయం తిరగరాసి తీసుకురా. రివాల్వరా, పిస్టలా అన్నది ముందే తేల్చుకో.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు