అల్లుడూ, ముందు లైటు ఆపి చూడు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు చూశాను. నార్సింగి దగ్గర సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ మీద సాయంత్రం పూట నువ్వు మోటారు సైకిల్లాంటి బండి కాదు, నీ ఎలక్ట్రిక్ సైకిలు ఆపి నీళ్లు తాగుతున్నావు. చక్రం కదలట్లేదు. హ్యాండిల్ మీద మీటరు మాత్రం గంటకు 91 కిలోమీటర్లు చూపిస్తోంది. మీ అత్తయ్య చూసి, "వీడు నిలబడే మన విజయవాడ వచ్చేసేలా ఉన్నాడే" అంది. నవ్వి ఊరుకుందును గానీ, కింద నువ్వు రాసిన మాట చదివాక ఊరుకోలేకపోయాను. మోటారు దెబ్బకి మీటరు పోయింది, కొత్తది ఆర్డరు పెడుతున్నానన్నావు. పెట్టకు. మీటరు పోతే సున్నా చూపిస్తుంది, లేదా అసలు ఏమీ చూపించదు. నీది లేని చప్పుడు కూడా వింటోంది. అంటే దాని చెవి బాగానే ఉంది.

ముప్పై ఏళ్లు రేడియోలు బాగుచేసినవాణ్ణి కదా, నాకు ఇది పాత జబ్బే. నీ చిన్నప్పుడు మా ఇంట్లో 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ కేంద్రం వార్తలు వస్తుంటే, వంటింట్లో అత్తయ్య మిక్సీ వేసేది. వార్తలు పోయి గరగర వచ్చేది. గుర్తుందా? అప్పుడు మనం రేడియో పారేశామా?

తీగ లేని నీ మీటరు పనిచేసే తీరు చెబుతాను. ముందు చక్రం స్పోకుకి చిన్న అయస్కాంతం ఉంది, చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కుకి సెన్సారు ఉంది. సెన్సారు లోపల సన్నటి గాజు గొట్టం, అందులో రెండు చిన్న రేకులు. అయస్కాంతం ఎదురుగా రాగానే అవి అంటుకుంటాయి, దాటిపోగానే విడిపోతాయి. దాన్నే రీడ్ స్విచ్ అంటారు. అంటుకున్న ప్రతిసారీ సెన్సారులోని తీగచుట్ట ఒక 'టక్' పంపుతుంది, మీటరులోని తీగచుట్ట దాన్ని విని లెక్కపెట్టుకుంటుంది. నీ టైరు 700×38 కాబట్టి ఒక చుట్టుకి సుమారు 2180 మిల్లీమీటర్లు. 25 కిలోమీటర్ల వేగంలో సెకనుకి మూడు చిల్లర టక్కులు వస్తాయి. 91 చూపించాలంటే దాదాపు పన్నెండు రావాలి. ఇలాంటి చవక రకం మీటరుకి ఆ టక్కు సెన్సారుదా ఇంకొకరిదా అన్న విచక్షణ లేదు. ఎవరు తలుపు కొట్టినా అల్లుడే వచ్చాడనుకునే అత్తగారి లాంటిది.

మరి కొడుతున్నదెవరు? "మోటారే" అని రాశావు. నేనూ అలాగే అనుకున్నాను. నా సైకిలుకి వెనక చక్రంలో మోటారు పెట్టించిన కొత్తలో ఇదే తంటా వచ్చింది. మూడు వారాలు మోటారునే అనుమానించాను. మోటారుకి కరెంటు అందించే కంట్రోలరుకి వంటింటి వెండికాగితం నాలుగు పొరలు చుట్టాను. ఏం లాభం లేదు. మీటరు వినేది తక్కువ ఫ్రీక్వెన్సీ అయస్కాంత తరంగాల్ని, ఆ పల్చటి రేకు వాటినేం ఆపగలదు! రేడియో మెకానిక్కునై ఉండి అంత తెలివితక్కువ పని చేశానని ఎవరితోనూ అనకు. చివరికి ఒకరోజు లైటు వెయ్యడం మరిచిపోయి బయల్దేరితే మీటరు బుద్ధిగా నడిచింది.

నీ వీడియోలోనూ చూడు. బండి ఆగి ఉంది, మోటారు తిరగట్లేదు. వెలుగుతున్నది హెడ్‌లైటు ఒక్కటే, అదీ మీటరుకి నాలుగు వేళ్ల దూరంలో. ఈ లైట్లు బండి బ్యాటరీ 36 వోల్టుల్ని 6కో 12కో తగ్గించుకోవడానికి లోపల కరెంటుని సెకనుకి వేలసార్లు తెంపి కలుపుతుంటాయి. ఆ గోల మీటరు చెవి పక్కనే జరుగుతోంది. అందుకే ముందు లైటు ఆపి చూడు. చీకట్లో రోడ్డు మీద కాదు, ఇంటి దగ్గర. అంకె సున్నాకి పడిందా, దొంగ దొరికినట్టే. మీటరుని హ్యాండిల్‌కి ఆ చివరికి జరుపు, లైటుని ఫోర్కు రెండు కాళ్లూ పైన కలిసే చోటికో బుట్ట ముందుకో దించు. జానెడు దూరం పెరిగినా చాలాసార్లు గొడవ తగ్గిపోతుంది. లైటు తీగకి ఫెరైట్ పూస తొడిగితే ఇంకా మంచిది. కంప్యూటర్ తీగల చివర నల్లటి ఉబ్బులా ఉంటుందే, అదే. పాత మానిటర్ తీగది పగలగొట్టకుండా తీస్తే పనికొస్తుంది.

లైటు ఆపినా అంకె తగ్గకపోతే మోటారుని అనుమానించు. నీదీ వెనక మోటారే కదా. ఎవరినైనా సీటు పట్టుకుని వెనక చక్రం గాలిలోకి లేపమని, నువ్వు థ్రాటిల్ తిప్పు. ముందు చక్రం నేల మీదే ఉంది, తిరగదు. కాబట్టి మీటరులో సున్నా ఉండాలి. ఏ అంకె కనిపించినా అది మోటారు అల్లరే. గాలిలో తిరిగే మోటారు కరెంటు తక్కువ లాగుతుంది కాబట్టి ఈ పరీక్షలో పాసైనా, ఒక ఫ్లైఓవర్ ఎక్కుతూ కూడా ఒకసారి గమనించు. బరువు మీద పడ్డప్పుడే అసలు రంగు బయటపడుతుంది. మోటారే అని తేలితే, కంట్రోలరు నుంచి మోటారుకి వెళ్లే మూడు లావుపాటి తీగలు ఎటు పోతున్నాయో చూసి సెన్సారునీ మీటరునీ వాటికి దూరంగా పెట్టు. మీ ఫ్రెండుది ముందు చక్రం మోటారన్నావు. ఆ తీగలు ఫోర్కుకి ఏ పక్క దిగితే, సెన్సారు రెండో పక్కకి మార్చమను.

ఈ దొంగ అంకె ఆ ట్రాక్ మీదే వచ్చి ఇంటి దగ్గర రాకపోతే, పైనున్న కరెంటు సరంజామాని అనుమానించాలి. దానికి మనం చేసేదేం లేదు, దాటాక అదే సర్దుకుంటుంది.

ఇక రెండో ఫిర్యాదు: గతుకుల్లో వేగం ఉన్నట్టుండి సున్నాకి పడిపోతోందన్నావు. అది వేరే జబ్బు, లైటుకి సంబంధం లేదు. ఇక్కడ టక్ అందట్లేదు. చక్రం మెల్లగా తిప్పి, అయస్కాంతం సెన్సారు మీది గీతకి ఎదురుగా వస్తోందో లేదో చూడు. మధ్య సందు రెండు మూడు మిల్లీమీటర్లుంటే బాగుంటుంది, ఐదు దాటితే అనుమానమే. నాకు సందు ఎక్కువైతే పాత ట్యూబు ముక్క కోసి, మడిచి, సెన్సారు కింద పెట్టి జిప్ టై బిగించాను. రెండేళ్లయింది, ఇంకా కదల్లేదు. స్పోకు మీద అయస్కాంతం జారిందేమో కూడా చూడు. ఒక స్క్రూ వదులైతే చాలు, అది మెల్లగా తన చోటు వదిలి జారిపోతుంది.

సెన్సారు నుంచి మీటరుకి దూరం కూడా టేపుతో కొలువు. ఈ రకానికి 60, 70 సెంటీమీటర్లు దాటితే వినపడదు. నీ హ్యాండిల్ ఎత్తుగా ఉంది కాబట్టి సెన్సారుని ఫోర్కు మీద వీలైనంత పైకి జరుపు, అయస్కాంతాన్నీ దానితో పాటే రిమ్ము వైపు జరుపు. ట్రాన్సిస్టరుని అటూ ఇటూ తిప్పితే స్టేషను పెరిగి తగ్గేది గుర్తుందా? తీగచుట్టలకి దిక్కు ఉంటుంది. మీటరుని పక్కకి తిప్పి బిగిస్తే కూడా అందకపోవచ్చు.

సెల్లు సంగతి. రూపాయి బిళ్లతో సెన్సారు మూత తిప్పి సెల్లు తీసి మల్టీమీటరు పెట్టి కొలువు. కొత్త సీఆర్ 2032 అయితే 3 వోల్టుల పైనే ఉంటుంది. 2.8కి దిగితే మార్చెయ్. మీటరులో అంకెలు ముదురుగా కనిపిస్తున్నాయి కదా అని సెన్సారు సెల్లు కూడా బాగుందనుకోకు, అవి రెండు వేరు. వానల్లో తడిస్తే సెల్లుని తాకే రేకులకి పచ్చటి చిలుము పడుతుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పోతుంది.

నీ చెల్లి మీటరు బ్లూటూత్‌ది. దానికి ఈ గోలంతా పెద్దగా అంటదు, అది 2.4 గిగాహెర్ట్జ్ మీద, ఎవరు ఎవరో పేరు పెట్టుకుని మాట్లాడుకుంటుంది. దానికి వచ్చే గొడవ చాలాసార్లు ఒకటే: ఫోనులో యాప్ సెన్సారుని ముందే పట్టేసి ఉంటుంది, మీటరుకి దొరకదు. ఫోను బ్లూటూత్ ఆపి, చక్రం రెండు చుట్లు తిప్పి నిద్ర లేపమను. అయస్కాంతం లేకుండా హబ్బుకి చుట్టే సెన్సారైతే మోటారున్న చక్రానికి కట్టొద్దని చెప్పు. రెండో చక్రానికే.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నా. వెనక చక్రానికున్న అయస్కాంతం, దాని సెన్సారు బండి సొంతవి. వాటిని కదిపితే మోటారు సాయం ఆగిపోవచ్చు, బండి డిస్‌ప్లేలో ఎర్రర్ రావచ్చు. వాటి జోలికి పోకు. తీగలు ఏవి జరిపినా ముందు బ్యాటరీ తాళం తీసి బయట పెట్టు.

ఒకసారి ఒకటే మార్చు. లైటు జరిపి, సెల్లు మార్చి, సెన్సారు పైకెత్తి, అన్నీ ఒకే ఆదివారం చేశావనుకో, బాగుపడ్డా ఎందుకు బాగుపడిందో నీకు తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ నాకే వీడియో పంపుతావు.

ఇవన్నీ చేసినా కుదరకపోతే వైరున్న మీటరు కొనుక్కో. తీగ బ్రేకు కేబులు వెంట చుట్టుకుంటూ పోతుంది, కాస్త అందం తక్కువ, నమ్మకం ఎక్కువ. నేను ఇప్పుడు అదే వాడుతున్నాను.

లైటు పరీక్ష ఈ రాత్రే చేసి, అంకె ఎంతకి పడిందో రాయి. తొమ్మిదిలోపు అయితే ఫోనే చెయ్, తర్వాత అత్తయ్య సీరియల్ టైము.

ఇట్లు
మామయ్య