తల చివర గీయమ్మా

చిరంజీవి సౌజన్యకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన నాలుగు బొమ్మలూ చూశాను. గీత బాగుంది. కానీ నాయకుడికి నక్క తల, వడ్డీ వ్యాపారికి మొసలి తల చూడగానే నాకు బొమ్మ కాదు, సామెత కనిపించింది. నక్క వినయాలు, మొసలి కన్నీరు మన నోట్లో ఎప్పటినుంచో నానుతున్న మాటలే. వాటినే గీసి చూపిస్తే నవ్వెందుకు వస్తుంది?

కొన్నాళ్ళు గ్రాన్‌విల్ బొమ్మలు పక్కన పెట్టుకో. 1803లో నాన్సీలో పుట్టిన ఈ ఫ్రెంచి చిత్రకారుడు, 1829 నాటికి ‘నేటి రూపాంతరాలు’ అనే అర్థం వచ్చే పేరుతో డెబ్బైకి పైగా రాతి అచ్చు బొమ్మలు తెచ్చాడు. మెడ కింద అంతా పారిస్ మనుషులే: బిగుతు కోటు, కుచ్చుల గౌను, చేతికర్ర. మెడ పైన మాత్రం జంతువు. ఆ జంతువు తల కాలరు మధ్య ఎంత దర్జాగా కుదురుకుందో చూస్తేనే నవ్వొస్తుంది. అందుకే నేను తల చివర గీస్తాను. ముందు మనిషి నిలబడిన తీరు, ఎవరి ముందు ఎంత వంగాడు, చేతులు ఎక్కడ దాచుకున్నాడు, ఇవి కుదరాలి. ఆ తర్వాత ఏ జంతువో ఆ ఒళ్ళే చెబుతుంది. ఒక్కోసారి తల మార్చాల్సిన పనే ఉండదు!

బొమ్మలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన 1835 సెప్టెంబరు చట్టానికి జడిసి ఆయన జంతువుల చాటుకు చేరాడని కొందరంటారు. తేదీలు ఒప్పుకోవు, జంతువులు ముందే వచ్చాయి. మధ్యలో ఫిలిపాన్ అనే ఆయన నడిపిన వ్యంగ్య పత్రికలో రాజకీయ బొమ్మలూ వేశాడు. ఆ రోజులు ఎలాంటివంటే, రాజును తిండిపోతు రాక్షసుడిగా గీసినందుకు దోమియే అనే మరో వ్యంగ్య చిత్రకారుడు 1832లో జైలుకు వెళ్ళాడు. చట్టం వచ్చాక గ్రాన్‌విల్ పుస్తకాల వైపు మళ్ళాడు: 1838లో ఫ్రెంచి కవి లా ఫోంతేన్ నీతికథలకు బొమ్మలు, తర్వాత 1840–42 మధ్య జంతువులే సభ పెట్టుకుని తమ కథలు తామే చెప్పుకునే సంపుటాలు. ఆ రెండోది తప్పక చూడు. మనిషిని జంతువు వైపు నుంచి చూడటం అందులో నేర్చుకోవచ్చు.

నీ మూడో బొమ్మ మాత్రం చించెయ్. పనిమనిషిని కోతిని చేశావు. ఆమె చేసిన తప్పేమిటో బొమ్మలో ఎక్కడా లేదు, రంగూ ముక్కూ తప్ప. నడతను వెక్కిరించు, పుట్టుకను కాదు. ఈ విషయంలో నాకు ఓపిక లేదు.

నాలుగోది, పెళ్ళి విందులో ఆబోతు, బాగుంది. ఉత్తరీయం ఆ భుజం మీద నిలవడం లేదు, మళ్ళీ వేసి పంపు. పెన్సిల్ గీతలు చెరపకు, నేను చూడాలి.

మీ మామయ్య